గౌరప్పకి తగ్గిపోయింది కదా

భాలుబాసా, జంషెడ్‌పూర్
ఫిబ్రవరి 12, 2024

వదినకి,

సుధ నమస్కారాలు. చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటారు. నవ్వండి. ఈ ఇంట్లో ఉన్నవి రెండు గదులు, మీ అమ్మగారికి ఉన్నవి నాలుగు చెవులు. నిన్న ఆదివారం మీరు ఫోన్ చేసి "బిందు ఎలా ఉంది" అంటే "బాగుంది వదినా" అన్నానా? అప్పుడు ఫోను స్పీకర్లో ఉంది, అత్తమ్మ నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఇంకేమంటాను?

బాగులేదు. జనవరిలో దానికి మూడోసారి జ్వరం వచ్చింది. నూట మూడు, వణుకు, వాంతులు. ప్రతిసారీ వీధి చివర డాక్టరు వైరల్ అని సిరప్ రాసేవాడు. ఈసారి నేను మొండికేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ పిల్లల డాక్టరు స్మితగారు ముందు ఉచ్చ పరీక్ష చేయించారు. అందులో ఇన్ఫెక్షన్ బయటపడింది. తర్వాత స్కాను. ఆ తర్వాత కింద సన్నటి గొట్టం పెట్టి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసే పరీక్ష ఒకటి ఉందట, అది చెయ్యాలన్నారు. దానికి అత్తమ్మ వరండాలోనే అందుకుంది. "ఆడగుంట. ఆ సోట మగోడు సెయ్యెడతాడా? నాను బతికుండగానా?" అని. లోపల ఉన్నది సిస్టరమ్మేనని తలుపు తీయించి కళ్ళారా చూసుకునేదాకా పిల్లని వదల్లేదు. నాలుగేళ్ళ పిల్ల వదినా! నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఎడమ వైపు ఉచ్చసంచిలోంచి ఉచ్చ వెనక్కి కిడ్నీలోకి తన్నుతోందట. ఐదు మెట్లుంటే మనది నాలుగోది. డాక్టరమ్మ చాలాసేపు చెప్పారు. రోజూ మందు అన్నారు, ఇంజెక్షను అన్నారు, అవసరమైతే ఆపరేషను అన్నారు, కొందరు పిల్లలకి పెరిగేకొద్దీ దానంతటదే పోతుందని కూడా అన్నారు. మీ తమ్ముడు ఆ చివరి ముక్క ఒక్కటే పట్టుకుని ఇంటికొచ్చారు.

వచ్చి వాళ్ళమ్మకి ఎంత గొప్పగా చెప్పారో వినాలి మీరు. ఆయన గమ్హరియాలో పైపులు బిగించే మనిషి కదా. "అమ్మా, ఇది నాకు తెలిసిన పనే. మన లైన్లో నాన్-రిటర్న్ వాల్వు ఉంతాది. నీరు ముందుకే పోవాల, ఎనక్కి రాకూడదు. దీనికి ఆ వాల్వు లూజుగా ఉంది, అంతే" అన్నారు. అత్తమ్మకి ఒక్క క్షణంలో అర్థమైపోయింది. మామగారు కూడా ఫిట్టరే కదా. నేను అరగంట చెప్పినా ఎక్కనిది కొడుకు ఒక్క ముక్కలో ఎక్కించాడు. ఆ పూట నాకు కూడా ఆయన మీద కాస్త గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

మీరు పిల్లల వార్డులో నర్సు. మీకు తెలియనిది కాదు. నన్నేం చెయ్యమంటారో చెప్పండి. జవాబు ఇంటికి రాయొద్దు. నేను పగలు బ్లౌజులు కుట్టే సాక్చీ దుకాణానికి రాయండి, రీనా దీదీ పేరున. కవరు మీద చిరునామా ఉంది.

మీ
సుధారాణి

మర్రిపాలెం, విశాఖపట్నం
ఫిబ్రవరి 20

సుధకి,

ఆశీస్సులు. ఉత్తరం చూసి నవ్వలేదు. రెండుసార్లు చదివాను.

ముందు భయం మానెయ్యి. ఇలాంటి పిల్లలు మా వార్డుకి వారానికొకరు వస్తారు. వెనక్కి తన్నడం కొద్దిగా ఉంటే చాలామందికి నాలుగైదేళ్ళలో సర్దుకుంటుంది. నాలుగో మెట్టు కాబట్టి ఊరికే చూస్తూ కూర్చోకూడదు. మొదట చేసేది రాత్రిపూట చిన్న డోసు యాంటీబయాటిక్. అది వెనక్కి తన్నడాన్ని ఆపదు, ఇన్ఫెక్షన్ రాకుండా కాపలా కాస్తుంది. ఒక్క రోజు కూడా మానకూడదు. అది వాడుతున్నా మళ్ళీ జ్వరాలొస్తే, కిడ్నీ మీద మచ్చ పడితే, అప్పుడు ఇంజెక్షనో ఆపరేషనో ఆలోచిస్తారు.

ఇంట్లో నువ్వు చెయ్యాల్సింది మందు కంటే ముఖ్యం. నీళ్ళు బాగా తాగించు. రెండు గంటలకోసారి ఉచ్చకి కూర్చోబెట్టు, వచ్చినా రాకపోయినా. విరోచనం గట్టిపడకుండా చూడు, కడుపు బిగిస్తే ఉచ్చ కూడా బిగబడుతుంది. జ్వరం వస్తే వీధి డాక్టరు దగ్గరికి పోకు, ముందు ఉచ్చ పరీక్ష.

ఇంకో మాట. అమ్మ గురించి రాసినది చదివి నాకు కష్టమేసింది. దానికి చదువు లేదు, నిజమే. నాన్న ప్లాంటులో షిఫ్టులు చేస్తుంటే ఒంటిచేత్తో మమ్మల్నిద్దర్నీ పెంచింది. పిల్ల మీద దాని ప్రేమ నీ ప్రేమకి తక్కువ కాదు. తలుపు తీయించి చూసుకుందంటే అది మోటుతనమే కావచ్చు. నువ్వు సిగ్గుపడాల్సినంత తప్పు మాత్రం కాదు.

మీ అన్నయ్యగారు కులాసా. నేనూ కులాసాయే.

గౌరీదేవి

భాలుబాసా
ఏప్రిల్ 9

వదినకి,

మార్చి అంతా రాయలేదు. రాయకూడదనే రాయలేదు, కోపంతో. ఇప్పుడు కోపం తగ్గిందని కాదు, మీకు చెప్పకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

మార్చి ఇరవైన బిందుకి మళ్ళీ జ్వరం వచ్చింది. రోజూ రాత్రి మందు నా చేత్తో నేనే వేస్తున్నాను, సీసా మీద గీతలు గీసుకుని మరీ. అయినా వచ్చింది. ఆ ఆదివారం మీరు ఫోన్లో ఏమన్నారు? స్పీకర్లో, అందరూ వింటుండగా, "సుధా, మందు మానేశావా?" అన్నారు. అంతే. "సూసావా, నర్సమ్మే అడుగుతంది. దుకాణం దుకాణమని ఊరట్టుకుని తిరిగితే గుంటకి మందెవులేత్తారు?" అని అత్తమ్మ మొదలెట్టింది. మీ తమ్ముడు తల వంచుకుని చెప్పులు వేసుకుని బయటికి పోయారు. ఆయనకి తెలిసిన విద్య అదొక్కటే. నేను ఆ రెండు గదుల్లో ఎటు తిరిగినా అదే మాట. వంటింట్లో నిలబడితే ముందు గదిలోంచి, ముందు గదిలో కూర్చుంటే వంటింట్లోంచి.

ఏప్రిల్ మూడున మళ్ళీ జ్వరం. రెండు వారాల్లో రెండోసారి. ఐదు రోజులు ఆసుపత్రిలో పెట్టారు, సెలైను ఎక్కించారు. మూడో రోజు కాస్త తేరుకున్నాక నేను గ్లాసుతో నీళ్ళిస్తే బిందు గ్లాసు పట్టుకుని తలుపు వైపు చూస్తోంది. తాగవే అంటే గుసగుసగా ఏమందో తెలుసా? మీకు తెలుసు కదా, దానికి నోరు తిరిగేది హిందీయే. "మమ్మీ, దాదీ కో మత్ బతానా. దాదీ నే పానీ బంద్ కియా హై." నాయనమ్మకి చెప్పకు, నాయనమ్మ నీళ్ళు బందు చేసింది అని.

చెప్పనని ఒట్టేసి గ్లాసు నిండా తాగించాను వదినా.

నేను పొద్దున పదికి దుకాణానికి పోతే మళ్ళీ వచ్చేది ఐదున్నరకి. ఆ మధ్యలో పిల్ల అత్తమ్మ చేతుల్లో ఉంటుంది. స్కూలు సీసాలో నేను పోసిన నీళ్ళు గుమ్మం దగ్గరే సగానికి పైగా పారబోస్తోందట. ఇంటికొచ్చాక అన్నంలో రెండు గుక్కలు, అంతే. నేను అత్తమ్మని అడిగాను. దాచలేదు, తప్పు చేసిన మొహం కూడా పెట్టలేదు. ధీమాగా చెప్పింది. "వాల్వు పోతే ఏటి సేత్తారే? మీ మాంగారు ముప్పై ఏళ్ళు సేసీసినారు, నాను సూడ్నేదా? ముందు సప్లయి బందు సేత్తారు. ఎనక్కి తన్నడానికి నీరుంటేనే కదా తన్నుతాది. నీరే నేకపోతే కిడ్నీలోకి ఏటెల్తాది?" అంది.

చూశారా? రెండు నెలలు. నేను మందు పోస్తున్నాను, ఆవిడ కుళాయి కట్టేస్తోంది. నీళ్ళు లేక కడుపు బిగిసింది, ఉచ్చ చిక్కబడి లోపలే నిలిచింది. మందు మాత్రం ఏం కాపలా కాస్తుంది? డాక్టరమ్మ అదే అన్నారు. కిడ్నీ మచ్చలు చూసే స్కాను కూడా తీశారు. ఎడమ కిడ్నీ పైభాగంలో మచ్చ పడింది. అది మళ్ళీ పోదట. ఇంక ఆలస్యం చేస్తే మచ్చలు పెరుగుతాయి, ఇంజెక్షనో ఆపరేషనో ఏదో ఒకటి చేయించెయ్యండి అన్నారు.

మీ తమ్ముడు "నీళ్ళు ఇప్పుడు బాగా తాగిద్దాం, ఇంకో ఏడాది చూద్దాం" అంటున్నారు. వాళ్ళమ్మ ఊ అంటే తప్ప ఆయన చెయ్యి కాగితం మీదికి రాదు. అత్తమ్మ సంగతి చెప్పక్కర్లేదు. కత్తి అనే మాటకే చెవులు మూసుకుంటోంది.

మీరు అన్నారు కదా, మందు మానేశావా అని. మానలేదు. అదొక్కటి మీరు నమ్మాలి.

సుధారాణి

మర్రిపాలెం
ఏప్రిల్ 17

సుధా,

నమ్ముతున్నాను. అలా అందరి ముందు అడగడం నా తప్పే. వార్డులో తల్లుల్ని అడిగి అడిగి నోటికి అలవాటైపోయింది. క్షమించు.

నీళ్ళ సంగతి చదివాక ఆ రోజు డ్యూటీకి పోలేకపోయాను.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. ఇంజెక్షనంటే చేతికి పొడిచేది కాదు. మత్తిచ్చి, సన్నని దుర్బిణీ లోపలికి పంపి, కిడ్నీనుంచి వచ్చే గొట్టం ఉచ్చసంచిలో కలిసేచోట జెల్ లాంటి మందు పెడతారు. దాంతో ఆ గొట్టం నోరు బిగుస్తుంది. ఆ రోజే ఇంటికి పంపేస్తారు. కోత లేదు. కాకపోతే నాలుగో మెట్టు వాళ్ళలో కొందరికి మళ్ళీ వదులవుతుంది, రెండోసారి చెయ్యాల్సొస్తుంది. ఆపరేషనైతే ఆ గొట్టాన్ని విప్పి సంచి గోడలో కొత్త దారి చేసి కుడతారు. నాలుగైదు రోజులు ఆసుపత్రిలో ఉండాలి, పిల్లకి నొప్పి ఉంటుంది. కానీ నూటికి తొంభైఐదు మందికి అంతటితో సరి. మచ్చ పడింది కాబట్టి బిందుకి ఏది మంచిదో స్మితగారిని, సర్జన్ని కూర్చోబెట్టి అడగండి. ఏదైనా సరే, ఏడాది చూద్దాం అనడం మాత్రం వద్దు. వద్దే వద్దు.

బిందుకి బీపీ చూశారా? పిల్లలకి చిన్న పట్టీ ఉంటుంది, దాంతో చూడమను. తమ్ముడికి కూడా ఒకసారి బీపీ చూపించు, ఉచ్చ పరీక్ష చేయించు. ఎందుకని అడగకు, ఇది వంశంలో వచ్చే జబ్బు, అందుకని.

ఒక్కటి అడుగుతాను. నీళ్ళ వల్లే మళ్ళీ జ్వరాలొచ్చాయని అమ్మతో గట్టిగా అనకు. అది తట్టుకోలేదు. నీకు కోపం వస్తుందని తెలుసు. అయినా అడుగుతున్నాను. తమ్ముడితో నేను ఫోన్లో మాట్లాడతాను.

గౌరీదేవి

భాలుబాసా
మే 6

వదినా,

మాట్లాడారు మహా. ఆయన షిఫ్టులో ఉండగా ఫోన్ చేసి ఆపరేషను చేయించరా అన్నారట. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి ఆ మాట తల్లి చెవిలో వేశారు. దానికి ఆవిడ ఏమందో యథాతథంగా రాస్తున్నాను, చదువుకోండి.

"గౌరి నర్సమ్మ కాబట్టి అలాగే అంతాది. అది మాత్రం సిన్నప్పుడు ఇలాగే పడ్నేదా? నెలకో జొరం, వణుకుడు, పక్క తడుపుడు. సాయంత్రం నాలుగు దాటితే దానికీ నాను నీరియ్యనేదు. మలేరియా ఇంజీసన్లేయించినాను. పదేళ్ళొచ్చీసరికి సుబ్బరంగా తగ్గిపోనాది. ఏ ఆపరేసను సేసినార్రా దానికి? గుండులాగ నేదా?"

వెంటనే మీ తమ్ముడు "అవును కదా, గౌరప్పకి తగ్గిపోయింది కదా" అన్నారు. అంతే, ఇంట్లో తీర్పు అయిపోయింది. ఇప్పుడు నేనేం చెప్పినా ఆ మాటే. స్కాన్ చూపిస్తే గౌరప్పకి తగ్గిపోయింది కదా. డాక్టరమ్మ చీటీ చూపిస్తే గౌరప్పకి తగ్గిపోయింది కదా. మొన్న పక్కింటి నారాయణమూర్తిగారు వచ్చి "ఆపరేషను ఎప్పుడమ్మా" అంటే ఆయనక్కూడా అదే చెప్పి పంపించారు.

తల్లి సంతకం చాలని డాక్టరమ్మ చెప్పారు. నేను పెట్టగలను. పెడతానంటే ఆయనేమన్నారో తెలుసా? అరవలేదు, నెమ్మదిగానే అన్నారు. "పెట్టుకో. రేపు పిల్లకేటైనా అయితే మా అమ్మ మొహం ఈ ఇంట్లో నువ్వే సూడాల, నాను సూడ్లేను." సంతకం పెట్టి కుట్లు వేయించిన పిల్లని ఏ ఇంటికి తీసుకురాను వదినా? నా పుట్టింట్లో పక్క పరవడానికి చోటు లేదని మీకు తెలుసు. ఈ ఇంట్లో నిద్ర లేచినప్పటినుంచి గోడలకి వీపు ఆనించుకునే తిరుగుతున్నట్టుంది నాకు. నెలాఖరున సర్జన్‌గారు చూస్తారు, ఆ తేదీ దాటితే మళ్ళీ ఆగస్టే.

ఇప్పుడు ఒకటి అడుగుతాను, చెప్పాలి మీరు. మీకూ ఇలాగే జ్వరాలొచ్చాయని నాకు ఒక్క ఉత్తరంలోనూ ఎందుకు రాయలేదు? ఇది వంశంలో వచ్చే జబ్బని రాసి, ఎందుకని అడగకు అన్నారు. వద్దే వద్దు అని రెండుసార్లు రాశారు. నేను మందబుద్ధిని కాను. మీరేదో దాస్తున్నారు. దాచుకోండి, అది మీ ఇష్టం. కానీ మీరు దాచినది నా కూతురి నెత్తి మీద పడుతోంది. మీరు నిజంగా బాగుపడ్డారా లేదా? అవునా, కాదా? ఒక్క ముక్క రాయండి చాలు.

సుధ

మర్రిపాలెం
మే 14

సుధా,

కాదు.

ఒక్క ముక్క చాలన్నావు. రాశాను. మిగతాది కూడా రాస్తాను, లేకపోతే నువ్వు దీన్ని ఎవరికీ చూపించలేవు.

నాకు ఎడమ కిడ్నీ ఎండిపోయింది. చింతపిక్కంత అన్నారు స్కాన్ చేసినాయన. ఇరవయ్యేడో ఏట తెలిసింది, కడుపుతో ఉన్నప్పుడు. ఆరో నెలలో బీపీ పెరిగింది, మాత్రలకి లొంగలేదు. ఎందుకని వెతికితే ఇది బయటపడింది. చిన్నప్పుడు వచ్చినవి మలేరియా జ్వరాలు కావు. బిందుకి వచ్చినవే. జ్వరాలు మానడమేమో మానాయి, అప్పటికే కిడ్నీ పోయింది. నొప్పి పుట్టదు, చెప్పదు, నిశ్శబ్దంగా పోతుంది. ఏడో నెల దాటుతుండగా నాకు ఫిట్సు వచ్చాయి. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత మళ్ళీ ప్రయత్నించొద్దన్నారు డాక్టర్లు. మీ అన్నయ్యగారు సరేనన్నారు. పదకొండేళ్ళుగా రోజూ రెండు బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. నీకు మొదటి ఉత్తరంలో కులాసా అని రాశాను కదా, ఆ కులాసా ఇది.

అప్పుడే ఎందుకు చెప్పలేదంటావు. నాన్న పోయి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. అమ్మ నన్ను చూడ్డానికి విశాఖ వచ్చి, మంచం పక్కన కూర్చుని, "కడుపుతో ఉండి నైటు డూటీలు సేత్తే బిడ్డ ఉంతాదా? నీ సేతులతోనే పోగొట్టుకున్నావు" అంది. నా తల కింద స్కాన్ కాగితం ఉంది. తీసి చూపించి, కాదమ్మా, చిన్నప్పుడు నువ్వు పోల్చుకోలేకపోయిన జ్వరాలమ్మా అనొచ్చు. అనలేకపోయాను. తాళి తీసిన మెడతో నా ముందు కూర్చున్న మనిషిని ఎలా అంటాను? ఆ తప్పు నాదేనని ఒప్పేసుకున్నాను. మొదట జాలితో ఒప్పుకున్నాను. తర్వాత్తర్వాత కోపంతో ఒప్పుకున్నాను, నీకిది అర్థమవుతుందో లేదో. ఆవిడ నన్ను తప్పు పట్టినంతకాలం నాకు ఆవిడ మీద ఒక పైచెయ్యి ఉన్నట్టుండేది. ప్రతి ఆదివారం ఫోన్ చేసి మంచి కూతుర్ని అనిపించుకున్నాను. పదకొండేళ్ళు ఇలాగే గడిపేశాను. ఇరుక్కున్నది నువ్వొక్కదానివే అనుకోకు.

నేను చెబితే అమ్మ కుంగిపోతుందని నిన్ను నోరు మూసుకోమన్నాను. నేను మాట్లాడకుండా ఊరుకుంటే ఏమవుతుందో నీ ఉత్తరం చూశాక గానీ నా బుర్రకెక్కలేదు. నా ఒంటినే చూపించి వాళ్ళు పిల్లకి వైద్యం ఆపుతున్నారు. సిగ్గుగా ఉంది. నర్సునే నేను!

దీంతో నా స్కాన్ కాగితం నకలు పెట్టాను. ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించు, తమ్ముడు కూడా ఉండగా. ఒక్క అక్షరం కూడా వదలకు, నైటు డ్యూటీ మాటతో సహా. ఫోన్లో నేనే చెబుదామని నాలుగుసార్లు నంబరు నొక్కాను. దాని గొంతు వినగానే "తిన్నావా అమ్మా" అన్నాను. నా వల్ల కాదు.

కానీ ఇది మాత్రం దానికి అర్థమయ్యేలా చెప్పు. నా కిడ్నీ పోయింది నీళ్ళు మానిపించినందువల్ల కాదు. ఆ రోజుల్లో ఉచ్చ పరీక్ష చేయించాలని మన బస్తీలో ఏ డాక్టరూ అనలేదు. దానికి తెలియలేదు, ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు తెలుసు. తేడా అంతే.

గౌరి

భాలుబాసా
మే 23

వదినా,

చదివాను. ఆదివారం పొద్దున్న, ఆయన ఇంట్లో ఉండగా, బిందుని రీనా దీదీ వాళ్ళింటికి పంపేసి చదివాను. మొదటి ముక్క దగ్గరే ఆగిపోయాను. మీ తమ్ముడు ఉత్తరం లాక్కుని తనే చదివారు. ఆయనకి తెలుగు కూడబలుక్కుంటేనే గానీ రాదు కదా, ఒక్కో మాట దగ్గర ఆగి ఆగి చదివారు. అందుకే ఇంకా కష్టమయింది వినడానికి. నైటు డ్యూటీ మాట దగ్గర ఆపేసి వాళ్ళమ్మ వైపు చూశారు. "సదువు" అంది. పూర్తిగా చదివించుకుంది.

తర్వాత అత్తమ్మ ఏడవలేదు, అరవలేదు. మీరు ఆదివారం ఫోన్ చేస్తే తియ్యొద్దంది నేను కాదు, ఆవిడే. మీరు ఎంత కంగారు పడి ఉంటారో తెలుసు, కానీ ఆవిడ మొహం చూసి నాకు ఫోన్ ముట్టుకునే ధైర్యం లేకపోయింది. నా మీద ఉన్న కోపమంతా ఏమైపోయిందో, మొదటిసారి ఆవిడని చూస్తే నాకు భయం కాక జాలి కలిగింది. బుధవారం పొద్దున్న పళ్ళు తోముకుంటున్న మనిషి అలాగే వచ్చి మీ తమ్ముడితో "కాయితం ఏదిరా, ఎట్టు సంతకం" అంది. ఆయన ఆసుపత్రి కాగితం తీసి అక్కడికక్కడే పెట్టేశారు. ముప్పయ్యో తారీకు సర్జన్‌గారు చూస్తారు. ఇంజెక్షన్ కాదు, ఆపరేషనే మంచిదన్నారు స్మితగారు. అత్తమ్మ "సరే" అంది. ఎవరు చేస్తారు, మగా ఆడా అని అడగలేదు.

ఈరోజు నన్ను కూర్చోబెట్టి మీకు ఉత్తరం రాయమంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ తెలివితేటలు కలపకు అంది. కలపలేదు. కింద ఉన్నది ఆవిడ మాటే.

గౌరీ,

నాను మీ అమ్మని. సుధ రాత్తంది. ఫోన్లో మాటాడదాం అనుకున్నాను. నీకు నాతో సెప్పడానికి ఎలా నోరు రానేదో నాకూ అలాగే రాటం నేదు. ఇద్దరం ఒక్కలాటోలమే.

గుంటకి ఆపరేసను సేయిత్తన్నాం. నీ తమ్ముడు సత్తెం సంతకం పెట్టీసినాడు. నువ్వు నాలుగు రోజులు సెలవెట్టి రావాల. వత్తే డాటర్లతో మాటాడ్డానికి సుధకి దన్నుగా ఉంతాది. అది ఒక్కర్తీ అన్నీ తిరిగినాది ఇన్నాళ్ళూ. నానూ సత్తెం దాన్ని సాలా మాటలన్నాం. ఇది రాత్తంటే దీని కళ్ళమ్మట నీళ్ళు కారతన్నాయి, రాయనంతంది. రాయించినాను.

నీకు నాను నీరు మానిపించినాను. పక్క తడిపేత్తన్నావని. నీ మంచి కోసం కాదు, ఒక్క మంచం ఉండేది మనకి, తడిత్తే మీ నాయన షిఫ్టు నుంచొచ్చి పడుకోడానికి ఉండేది కాదు. నువ్వు దాహం దాహం అని నా సీర కొంగట్టుకుని తిరిగేదానివి. నాకు గేపకమే. ఇన్నాళ్ళూ దాన్ని మంచి పనే అనుకున్నాను. మళ్ళీ బిందుక్కూడా అదే సేసినాను. నీ కిడ్నీ పోయింది నా వల్ల కాదని నువ్వు రాసినావు. నువ్వు మంచిదానివి కాబట్టి రాసినావు. వాల్వులూ పైపులూ మీ నాయనతో కలిసి ముప్పై ఏళ్ళు ఇన్నాను, ఒంటి సంగతి ఒక్కర్నీ అడగనేదు.

ఆసుపత్రిలో నీతో ఆ మాట అన్నాను. అన్నాను, దాన్ని నేదనను. మీ నాయన పోయినాడు, నువ్వూ పోతావేమో అని భయం. భయం వత్తే నాకు నోరే వత్తాది, ఏడుపు రాదు. ఇయ్యాల కూడా రానేదు. అందుకని నాను బాధ పడ్నేదనుకోకు.

అప్పుడు నీ మంచం పక్కన రెండు రోజులు కూకున్నాను. వార్డులో అందరూ వచ్చి సూసినారు, బిడ్డని కప్పి ఎవరో ఎత్తుకెల్లినారు. అల్లుడు వరండాలో తల బాదుకుంతన్నాడు. నాను నిన్ను తిట్టడంలో పడిపోనాను. ఆ బిడ్డని నాను సూడనేదు. తరవాత పదకొండేళ్ళు ఆదోరం ఆదోరం ఫోన్ సేసినావు, ఏటి వండినావు, వాన వచ్చినాదా, కరెంటు ఉందా, అన్నీ అడిగినాను. అది అడగనేదు.

ఆడపిల్లా, మగపిల్లోడా, గౌరీ?